నాగయ్యను ఎరిగిన ఇద్దరు

ఆ పొద్దున నాగయ్య వేసుకున్న ఏర్పాటు చాలా చిన్నది. చెరువులో స్నానం చెయ్యడం, ఉతికిన ధోవతి కట్టుకోవడం, బిక్షాన్నీ మల్లానూ వెంటబెట్టుకుని కట్ట కింది పోలీసు క్యాంపుకు పోవడం, తన వల తను తెచ్చుకోవడం. మధ్యాహ్నానికి వల నీళ్లలో ఉండాలి, సాయంత్రానికి చేప పొయ్యి మీద ఉండాలి. అంతకుమించి అతను దేవుణ్ణి గానీ సర్కారును గానీ ఏమీ అడగలేదు.

పోలీసు చర్య జరిగి ఐదు నెలలయింది. నిజాం సర్కారు పోయింది గానీ, గుట్టల్లో సంఘపోళ్ల కోసం, అంటే కమ్యూనిస్టుల కోసం, వెతుకులాట పోలేదు. ఇబ్రహీంపట్నం చెరువు దాటి ఎవరో గుట్టలకు పోతున్నారని అనుమానం వచ్చి, క్యాంపువాళ్లు కట్ట మీదున్న వలలన్నీ ఎత్తుకుపోయారు. పదకొండు ఇళ్ల వలలు. ఇప్పుడు తిరిగి ఇస్తామని చాటింపు వేశారు. ఈ రోజు పొద్దుగూకేలోగా తీసుకోకపోతే లారీలో పట్నానికి పంపేస్తారు. మిగతా పది ఇళ్లవాళ్లు కూచుని ఆలోచించి, ముందు నాగయ్యను పంపి అతనికేమవుతుందో చూడాలని తీర్మానించారు.

వల ఇవ్వడానికి ఒకటే షరతు. ఈయన ఫలానా మనిషి, మేము ఈయన్ని ఎరుగుదుము అని ఇద్దరు వచ్చి పుస్తకంలో వేలిముద్ర వెయ్యాలి. అందుకే బిక్షం, మల్లా పొద్దున్నే నాగయ్య గుడిసెలో అంబలి తాగుతూ పాఠం అప్పజెప్పారు.

"జమేదారు అడుగుతడు. ఏమంటవ్?" అన్నాడు నాగయ్య.

"ఈయన నాగయ్య, నాకెర్కే అంట" అన్నాడు బిక్షం.

"నువ్వేమంటవ్ మల్లా?"

"బిక్షన్న ఏమంటే నేను గదే అంట."

"ఆయన మర్చిపోతే?"

"నేను గూడ మర్చిపోత."

నాగయ్యకు కొంచెం గుబులు పుట్టింది. ఎందుకంటే ఆ ఊళ్లో 'ఎరుకే' అనే మాట వాడకం పోయి రెండేళ్లయింది. మొదట రజాకార్లు వచ్చి ఫలానావాడు ఎరుకేనా అని అడిగారు. తరువాత క్యాంపువాళ్లు వచ్చి అడిగారు. పోయిన నెలలో దొరికిన మనిషినొకణ్ణి మెడలో పేరు రాసిన పలక కట్టి ఇంటింటికీ తిప్పారు. ఊళ్లోని సోమయ్య మంచి మనసుతో "ఏడనో చూసినట్టుంది" అన్నాడు. ఆ ఒక్క మాటకు తొమ్మిది రోజులు క్యాంపులో గిన్నెలు తోమాడు. అప్పటినుంచి ఊరు ఊరంతా 'ఎర్కలేదు' అనడంలో ఆరితేరింది. తొట్లెలో పిల్ల ఏడిస్తే ఎవరి పిల్ల అని అడిగినా అదే జవాబు.

ముగ్గురూ కట్ట మీదికి చేరేసరికి పట్నం వైపు నుంచి ఒక లారీ వచ్చి ఆగింది. ముందు ఒక పోలీసు, వెనక ఒక పోలీసు, మధ్యలో ఐదుగురు మనుషులు దిగారు. ఐదుగురి ఛాతీ మీదా పేరూ నంబరూ రాసిన అట్టముక్కలు గుచ్చి ఉన్నాయి.

"ఎవ్వలన్నా వీళ్లు?" అన్నాడు మల్లా నోరు కదపకుండా.

"దొరికినోళ్లు" అన్నాడు బిక్షం. "పేరు రాసిన్రు, నంబరు ఏసిన్రు. ఇంకేం గావాలె?"

"గా పొడుగాయన మొఖం చూడు. ఎర్రగ కమిలింది. మస్తు కొట్టిన్రు."

కొట్టింది ఎండ. ఆ పొడుగాయన నార్వే దేశంలో చేపల పండితుడు, పేరు హాల్వర్. మిగతా నలుగురిలో ఒకాయన బర్మా, ఒకాయన సింహళం, మరో ఇద్దరివి పలకడం కష్టమైన ఊళ్లు. మంచినీటి చేపల గురించి పట్నంలో అంతర్జాతీయ సభ జరుగుతోంది. మూడు రోజులు పత్రాలు చదివి, నాలుగో రోజు చెరువు చూద్దామని బయల్దేరారు. ఒకరి పేరు ఒకరికి తెలియడానికి అట్టముక్కలు పెట్టుకున్నారు. రోజులు బాగాలేవని సర్కారు పోలీసుల్ని తోడిచ్చింది.

ఇదంతా చెప్పడానికి కందుకూరు నుంచి దానియేలు పంతులును పిలిపించారు. ఆయనకు ఇంగ్లీషు వచ్చు, ఈ ఊరు మాత్రం కొత్త.

"భయపడకుండ్రి" అన్నాడు దానియేలు, కట్ట మీద పోగైన జనంతో. "వీళ్లు ఐదు దేశాలనించి సభకు వచ్చిన్రు. ఒకళ్లతోని ఒకళ్లకు పరిచయం గావాలె, గది కలకాలం ఉండాలె, గందుకే ఈ సభ. మీతోని గూడ పరిచయం చేసుకుంటరంట."

సభ, పరిచయం. ఒక్క గుక్కలో రెండూ. మల్లా రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఒకళ్లనొకళ్లు తెల్సుకునుడు కోసం సముద్రాలు దాటొచ్చిన్రా?" అన్నాడు బిక్షం మెల్లగా. "సంఘపోళ్లు గూడ గింత కష్టపడరు."

హాల్వర్ నవ్వుతూ వచ్చి బిక్షం చెయ్యి పట్టుకుని ఊపాడు. తన ఛాతీ మీది పేరు చూపించి, నీ పేరేమిటని సైగ చేశాడు.

"ఎర్కలేదు" అన్నాడు బిక్షం.

దానియేలు తడబడ్డాడు. "నీ పేరే అడుగుతుండన్నా."

"గదే ఎర్కలేదంటున్న."

హాల్వర్ పుస్తకంలో ఏదో రాసుకుని, ఈ చెరువులో ఏ చేపలు దొరుకుతాయని అడిగించాడు. కాశమ్మ అనే ముసలమ్మ ముందుకొచ్చింది. ఆమె తలమీది గంపలో గాలానికి పడిన జెల్లలు ఇంకా తోకలాడిస్తున్నాయి.

"చేపలా? మేం చూడలే బిడ్డా."

"మరి గంపల ఏమున్నయమ్మా?"

"ఎవ్వరో వెట్టిన్రు."

"చెరువు లోతెంతమ్మా?"

కాశమ్మ వెనక్కి తిరిగి కనుచూపు మేర పరుచుకున్న నీళ్లను తీరికగా చూసింది. "ఏ చెరువు?" అంది.

బర్మా పండితుడు గబగబా రాసుకుంటున్నాడు. నీటి ఒడ్డునే బతుకుతూ నీటినీ చేపనూ ఎరగని జాతి ఒకటి ఇక్కడుందని, రేపటి సభలో ఇది చదివితే తన పేరు నిలిచిపోతుందని ఆయన ముఖం వెలిగిపోయింది.

నాగయ్యకు ఈ సభ గొడవ పట్టలేదు. అతని కళ్లు క్యాంపు గేటు దగ్గరున్నాయి. అక్కడ వలలను ఒకటొకటే లారీలోకి ఎక్కిస్తున్నారు. అతను బిక్షాన్నీ మల్లానూ రెక్కలు పట్టి జమేదారు ముందుకు లాక్కుపోయాడు. జమేదారు బెజవాడ వైపు మనిషి, కోపిష్టి కాడు. కాగితం మనిషి.

"దొరా, వీళ్లిద్దరు నా సాక్షులు."

"మంచిది. ఏమయ్యా, ఈయన ఎవరు?" అన్నాడు జమేదారు పుస్తకం తెరిచి.

బిక్షం నాగయ్యను చూశాడు. నాగయ్య వెనక, చల్లని నీడ కోసం వచ్చి నిలబడిన అట్టముక్కల ఐదుగుర్నీ చూశాడు. గిన్నెలు తోమిన సోమయ్య కళ్లముందు కదిలాడు.

"ఎర్కలేదు" అన్నాడు.

"బిక్షన్న ఏమంటే గదే" అన్నాడు మల్లా.

"అరే, పొద్దుగాల నా ఇంట్లనే గదరా అంబలి తాగిన్రు" అన్నాడు నాగయ్య.

"ఎవ్వల ఇల్లో ఏందో. దూపైతే పోయినం" అన్నాడు బిక్షం నేల చూపులు చూస్తూ.

"దొరా, నాలుగుమాట్ల వచ్చిన నీ దగ్గరికి. నేను నాగయ్యనని నీకెర్కే గద."

"నాకు తెలుసయ్యా. కాగితానికి తెలియదు."

సరిగ్గా అప్పుడే నాగయ్య భార్య మైసమ్మ జొన్నరొట్టెల మూటతో వచ్చింది. వచ్చేసరికి ఆమెకు కనపడిందేమిటంటే, పోలీసుల మధ్య, ఛాతీ మీద నంబర్లున్నవాళ్ల వరసలో తన పెనిమిటి. ఎర్ర ముఖం మనిషి చెయ్యి అతని భుజం మీద ఉంది. పెనిమిటిని పట్టుకున్నారనే ఆమె అనుకుంది. ముఖం మాత్రం మారలేదు.

"రావమ్మా, సమయానికొచ్చావు" అన్నాడు జమేదారు. "ఈయన పేరు చెప్పు."

మైసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెనిమిటి పేరు ఆమె పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఒక్కసారీ పలకలేదు. ఇప్పుడు పలికే ఉద్దేశం అసలే లేదు.

"పోనీ, ఈయన నీకేమవుతాడు?"

"ఎర్కలేదు. మా ఆయన చేపలకు పోయిండు."

"వల క్యాంపులో ఉంటే చేపలకెలా వెళ్లాడమ్మా?"

"గదే నేను గూడ రోజూ అడుగుతున్న."

"మరి ఆ రొట్టెలెవరికి?"

మైసమ్మ ఒక క్షణం ఆలోచించి, మూట తీసుకుపోయి హాల్వర్ చేతిలో పెట్టింది. వెళ్లిపోతూ నాగయ్య వైపు కళ్లతోనే, ఫికర్ చెయ్యకు, నేను నిన్ను కాపాడిన అన్నట్టు చూసింది. నాగయ్యకు ఏడవాలో మెచ్చుకోవాలో తెలియలేదు.

జమేదారు కలం కిందపెట్టి దీర్ఘంగా ఆలోచించాడు. ఈ మనిషిని ఊళ్లో ఎవరూ ఎరగరు. ఆ మాటకొస్తే ఊళ్లో ఎవరూ ఎవరినీ ఎరగరు. అంటే అందరూ బయటినుంచి వచ్చినవాళ్లే. "కట్ట మీదున్న వాళ్లందర్నీ వరసగా నిలబెట్టండి" అన్నాడు. "ఒకరు ఎవరో ఇంకొకరు చెప్పేదాకా ఎవరూ కదలకూడదు."

నలభై ముగ్గురు వరసలో నిలబడ్డారు. ఒకరు ఎవరో ఇంకొకరు చెప్పలేదు. అన్నదమ్ములు పక్కపక్కన నిలబడి, ఎక్కడినుంచి వచ్చినవని ఒకరినొకరు మర్యాదగా అడిగారు. పొద్దు వాలింది. పది వలలు లారీ ఎక్కాయి. పదకొండోది, నాగయ్యది, కింద దుమ్ములో పడి ఉంది.

నాగయ్య దాని పక్కన కూలబడ్డాడు. ఈడ్చుకొచ్చేటప్పుడు ఒకచోట జానెడు చిరిగింది. ఎటూ పోయేదే గదా అనిపించినా చిరిగిన వలను చూస్తూ ఊరుకోవడం చేతకాక, మొలలో దోపుకున్న వెదురు పుల్ల తీసి నూలు ఎక్కించి ముడులు వెయ్యడం మొదలుపెట్టాడు.

హాల్వర్ వచ్చి ఎదురుగా గొంతుక్కూచున్నాడు. రొట్టె సగం విరిచి నాగయ్యకిచ్చాడు. నాగయ్య తింటూ ఉండగా ఆ పుల్ల అందుకుని, తను కూడా ఒక ముడి వేశాడు. నాగయ్య రొట్టె నమలడం ఆపాడు. అది అచ్చం చేపలవాడు వేసే ముడి. ఒకటి అతను, ఒకటి ఇతను, మాట లేకుండా జానెడు చిరుగూ కలిపేశారు. అప్పుడు హాల్వర్ తన ముడినీ నాగయ్య ముడినీ పక్కపక్కన పెట్టి చూశాడు. నాగయ్యది ఎడమచేతి వాటం. అతని ముడులన్నీ ఎడమకు తిరిగి ఉన్నాయి. హాల్వర్ వలంతా తిరగేశాడు. వేల ముడులు, ఐదు తప్ప మిగిలినవన్నీ ఎడమకే. ఆ ఐదింట్లో నాలుగు ఇప్పుడు తను వేసినవే, ఒక్కటి మాత్రం కాదు.

"ఆ ఒక్కటి బిక్షంది" అన్నాడు నాగయ్య. "నాకు జరమొచ్చినప్పుడు ఏసిండు."

వరసలోంచి బిక్షం వినీ విననట్టు ఆకాశం వైపు చూశాడు.

హాల్వర్ వల ఎత్తుకుని జమేదారు దగ్గరికి పోయాడు. బర్మా పండితుణ్ణి కూడా పిలిచి ముడులు చూపించాడు. ఆయన తల ఊపాడు. దానియేలు తెలుగులో చెప్పాడు. "ఈ వల అల్లిన చెయ్యి, ఈయన చెయ్యి ఒకటేనంట. ఈయన మాకెర్కే, సాక్ష్యం మేం చెప్తం అంటున్రు."

ఆ రోజు ఆ కట్ట మీద సాక్ష్యంగా 'ఎరుకే' అనే మాట మొదటిసారి వినపడింది. జనం ఉలిక్కిపడ్డారు.

జమేదారు షరతు మళ్లీ చదువుకున్నాడు. ఎరిగినవారు ఇద్దరు అని ఉంది గానీ ఏ దేశంవాళ్లో లేదు. "ఎంతకాలంగా తెలుసో రాయాలి" అన్నాడు.

హాల్వర్ గడియారం చూసుకున్నాడు. నాలుగు గంటలుగా అన్నాడు. పుస్తకంలో ఏళ్ల గడి తప్ప గంటల గడి లేదని జమేదారు బాధపడ్డాడు. హాల్వర్ మళ్లీ ఆలోచించి, ఈ ముడిని మా తాత దగ్గర నేర్చుకున్నాను, ఆ లెక్కన మా ఇంటికి అరవై ఏళ్లుగా తెలుసు అన్నాడు. జమేదారు సంతోషంగా అరవై అని రాసుకున్నాడు. నాగయ్య వయసు నలభై. నార్వే, బర్మా దేశాల పండితులు ఊదా సిరాలో బొటనవేళ్లు ముంచి వేలిముద్రలు వేశారు. నాగయ్య వల భుజాన వేసుకుని గేటు దాటాడు. ఎవరూ పట్టుకోలేదు.

ఇది నలభై ముగ్గురూ చూశారు.

మొదట కదిలింది కాశమ్మ. తిన్నగా హాల్వర్ దగ్గరికి పోయి చెయ్యి ముందుకు చాపింది. "నేను కాశమ్మను బిడ్డా. ఇది చెరువు. ఇవి జెల్లలు. జర నన్ను గూడ ఎర్కే అని చెప్పు."

ఆమె వెనక సోమయ్య, అతని వెనక మల్లా, అన్నదమ్ములు, పిల్లలు. పొద్దుగూకేలోగా ఊరు ఊరంతా నార్వేతో, బర్మాతో పరిచయం చేసుకుంది. పండితుల వేళ్లు ఊదాగా మారాయి. లారీ ఎక్కిన పది వలలూ దిగాయి. బర్మా పండితుడు మాత్రం కాస్త దిగులుగా తన పుస్తకంలో నాలుగు పేజీలు కొట్టేసుకున్నాడు.

అందరికంటే చివర బిక్షం వచ్చాడు. ముందు నాగయ్య దగ్గర ఆగాడు.

"ఏమనుకోకు నాగన్నా. నోరు అలవాటుపడ్డది."

"ఎవ్వలన్నా నువ్వు?" అన్నాడు నాగయ్య.

ఆ సాయంత్రం మైసమ్మ చేప పులుసు వండి, పెనిమిటికి వడ్డిస్తూ, పొద్దున తను చెప్పిన అబద్ధం ఎంత తెలివైనదో మూడుసార్లు చెప్పింది. నాగయ్య మూడుసార్లూ అవ్ అన్నాడు.

వానలు పడ్డాక హాల్వర్ దగ్గరి నుంచి నాగయ్య పేర ఒక ఉత్తరం వచ్చింది. కొత్తగా వచ్చిన తపాలా మనిషి, ఖాకీ చొక్కా మీద బిళ్ల పెట్టుకుని, కట్ట మీదున్న వాళ్లను నాగయ్య ఇల్లెక్కడని అడిగాడు. బిక్షాన్ని అడిగాడు, మల్లాను అడిగాడు, చివరికి గుడిసె ముందు చేపలు తోముతున్న మైసమ్మను కూడా అడిగాడు. ఎవరికీ ఎరుక లేదు. ఉత్తరం వచ్చిన దారినే నార్వేకు తిరిగిపోయింది. నాగయ్యను ఎరిగినవాళ్లు ఉన్నది అక్కడే గనుక, తపాలావాళ్ల తప్పేమీ లేదు.