నిద్రపోతూ సంపాదించే మా ఆయన

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన నిద్రపోతూ సంపాదిస్తారు.

నవ్వకండి! కావలికి తూర్పున, సముద్రం ఒడ్డున ఉన్న మా ఇంటి మేడగదిని రోజువారీ అద్దెకిచ్చే యాప్‌లో పెట్టిన నాటి నుంచీ ఇదే వరస. "పాసివ్ ఇన్‌కమ్ అంటే ఏందనుకున్నావ్? మనం పండుకోనున్నా దుడ్లు వస్తానే ఉంటాయి" అని ఫోనులో విన్న పాఠం ఆయన నాకు అప్పజెప్పారు. అక్షరాలా నిజం. ఆయన పడుకునే ఉంటారు, డబ్బు వస్తూనే ఉంటుంది. మధ్యలో దుప్పట్లు ఉతకడం, బాత్‌రూమ్‌లో ఇసుక ఎత్తిపోయడం, ఉల్లిపాయ తినని వారికి వేరే ఉప్మా కలియబెట్టడం లాంటివి ఉంటాయనుకోండి. వాటిని కూడా పని అంటే పాసివ్ అనే మాటకు ఎంత అవమానం!

కాబట్టి నా మాట విని మీరూ ఇంట్లో ఒక గది అద్దెకివ్వండి. సంసారానికి ఇంతకు మించిన వరం లేదు.

మరమ్మతులే తీసుకోండి. మేడమీద కొళాయి కారుతోందని మా అమ్మాయి ప్రత్యూష ఎల్‌కేజీలో ఉండగా చెప్పాను. ఇప్పుడది హాస్టల్లో ఉండి బీటెక్ చదువుతోంది. కొళాయి మాత్రం పై క్లాసుకు పోలేదు. మొట్టమొదటి అతిథి "ట్యాప్ లీకవుతోందా?" అని మెసేజ్ పెట్టాడో లేదో, ఆయన కాఫీ చల్లారేలోపు ప్లంబరు మేడెక్కాడు! ఇన్నేళ్లూ మెసేజ్ పెట్టకుండా నోటితో చెప్పడం నాదే పొరపాటు.

ఇక మర్యాద. "ఇంకేమన్నా కావాల్నా మేడం?" అనే వాక్యం మా ఆయనకు వచ్చని పెళ్లయిన ఇన్నాళ్లకు గానీ నాకు తెలీలేదు. మొదటిసారి విన్నప్పుడు ఇంట్లోకి పరాయి మగమనిషెవరో వచ్చాడని వంటింట్లోంచి తొంగిచూశాను. ఆయనే! చేతిలో ఎవరిదో బ్యాగు, మొహాన నవ్వు. రొయ్యల గుంటలు కౌలుకిచ్చేశాక ఆయన అంత చలాకీగా కదలడం అదే మొదలు.

గది సంగతి చెప్పలేదు కదూ? అది నాదని చెప్పుకుంటే బాగుండదు. మధ్యాహ్నం పనయ్యాక కిటికీ పక్కన కుర్చీ వేసుకుని లైబ్రరీ పుస్తకం చదువుకునేదాన్ని. పేజీ తిప్పేటప్పుడు తలెత్తితే పడవలు ఒడ్డెక్కుతూ కనిపించేవి. అంతే. ఒకసారి బుచ్చిరెడ్డిపాలెంలో పెళ్లికి వెళ్లొచ్చేసరికి నా కుర్చీ యాప్‌లోకెక్కింది. ఫోటో కింద 'రీడింగ్ కార్నర్' అని ఉంది. నేనూ నా పుస్తకాలూ కిందికి దిగి, మిగిలిపోయిన రొయ్యల మేత బస్తాలుండే గదిలో చేరాం. వాసన తప్ప లోటేమీ లేదు.

"నన్నొక మాట అడగాల్సింది కదండీ?" అన్నాను.

"నిన్ను అడిగేదేముంది? మన ఇల్లే గదా!" అన్నారు.

ఆ 'మన'లో నేనున్నానో లేదో ఆలోచించుకుంటూ అతిథుల దిండు గలీబులు మార్చాను.

ఇంత సజావుగా సాగుతున్న వ్యాపారానికి చేపల పులుసు అడ్డొచ్చింది. మా అత్తగారు ఆదిశేషమ్మ గారి లెక్కలో పులుసు ఇవాళ కాచి రేపు తినాలి. రాత్రంతా మామిడికాయ పులుపు ముక్కకు పట్టాలి. కాచిన పూటే వడ్డిస్తే ఆ చుట్టం మళ్లీ రానక్కర్లేదని అర్థం! నేను బెంగళూరు నుంచి వచ్చిన పెద్దమనిషిని గౌరవించాలనుకుని ముందురోజు పులుసు పెట్టాను. ఆయన వేళ్లు నాక్కుంటూ తిని, 'నిన్నటి కూర పెట్టారు' అని రాసి ఒక్క చుక్క రేటింగిచ్చి వెళ్లాడు.

మా ఆయన మొహం చూసి ఇరుగుపొరుగు పరామర్శకొచ్చారు. "ఇంక ఈ ఇంట్లో అన్నీ ఫ్రెష్షుగా ఉండాల!" అని శాసించారాయన.

"ఫ్రెష్షుగా చేప సముద్రంలో ఉంటాదిరా అబ్బయా, పులుసులో గాదు" అన్నారు అత్తగారు.

ఎవరు వింటారు? ఆనాటి నుంచీ మా ఇంట్లో ముక్క దారి ముక్కది, పులుసు దారి పులుసుది.

అయినా నేను డిగ్రీ చదువుకున్నదాన్ని. ఈ ఇంట్లో మాట ఎవరిది చెల్లుతోందో చూశాను. బుక్ చేసుకున్నవారిది. నేనూ బుక్ చేశాను! సర్టిఫికెట్లో ఉన్న పేరే పెట్టాను: టి.జి. భవాని. ఆయన నన్ను పిలిచే పేరు 'ఇదిగో' కాబట్టి ఏ అనుమానమూ రాలేదు. ఆయన కార్డుతోనే కట్టాను. ఓటీపీ వస్తే గ్యాసు బండకన్నాను, ఆయనే గట్టిగా చదివి చెప్పారు. ప్రత్యేక కోరికల దగ్గర 'కిటికీ పక్కన కుర్చీ, ముందురోజు కాచిన పులుసు' అని రాశాను.

ఆయన ఫోను పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తుకొచ్చారు. "ఇదిగో, రేపొచ్చే మేడం మన రుచి తెలిసిన మనిషి! పులుసు ఈపొద్దే కాచిపెట్టు."

కాచిపెట్టాను.

మర్నాడు పెరటి దారిన బయటికి పోయి, సూట్‌కేసుతో వీధి గేటు తీసుకుని లోపలికొచ్చాను. నవ్వుమొహంతో ఎదురొచ్చిన మా ఆయన నన్ను చూసి చిరాకుపడ్డారు. "నువ్వు పక్కకు జరుగు, మేడం వచ్చే టయిమయింది."

"వచ్చేసింది" అని ఫోను చూపించాను.

ఆయన ఫోను చూశారు. నన్ను చూశారు. ఇంకెవరైనా ఉన్నారేమోనని రోడ్డు చూశారు. ఇంటివాళ్లే బుకింగ్ రద్దు చేస్తే రేటింగ్ ఏమవుతుందో నాకన్నా ఆయనకే బాగా తెలుసు. సూట్‌కేసు అందుకున్నారు.

"ఏముందే ఇందులో, ఇంత బరువుండాది?"

"పుస్తకాలు."

మేడెక్కి నా కుర్చీలో కూర్చున్నాను. ఆయనే పళ్లెం తెచ్చి, అన్నం పెట్టి, పులుసు పోసి, అలవాటు కొద్దీ "ఇంకేమన్నా కావాల్నా మేడం?" అనేసి నాలుక కరుచుకున్నారు.

"కావాలి. మళ్లీ ఈ కుర్చీలో కూర్చోవాలంటే నేను బుక్ చేసుకునే రావాలా?"

ఆయన పడవల వంక చూశారు. ఆ కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందని ఆయన ప్రకటన రాశారే గానీ, అక్కడ నిలబడి చూడటం అదే మొదటిసారనుకుంటా. గరిటె గిన్నెలో పెట్టి, "నిన్ను అడక్కుండా ఇచ్చేసినా. తప్పు నాదే" అని గొణిగారు.

"ఏందిరా, ఇనపడలా!" అని కిందినుంచి అత్తగారు కేకేశారు.

బయట వలలు ఆరేసుకునేవాళ్లు కూడా తలెత్తి చూసేంత గట్టిగా అరిచారు మా ఆయన. "తప్పు నాదే అంటుండా, అమ్మా! గది దానిదే!"