నలభై ఏడో పేజీలో ఎర్రవంక వంతెన

ఎర్రవంకపల్లె అడ్డరోడ్డులోని ప్రకాశం శిలాఫలకాల అంగడి ఇంటర్నెట్టులో నలభై ఏడో పేజీలో ఉన్నదని ఇందుమూలంగా తెలియజేయడమైనది. ‘శిలాఫలకాలు’ అని కొట్టి వెతికితే మొదట రాజంపేటలోని ఒక అంగడి వస్తుంది. తరువాత బెంగళూరు సమాధిరాళ్ళు, వంటింటి బండలు, ఒక జ్యోతిష్కుడు, మోకాళ్ళ నొప్పికి తైలం వరసగా వస్తాయి. వీటన్నిటినీ ఓపికగా దాటుకుంటూ పోతే నలభై ఏడో పేజీ అడుగున ప్రకాశం ఉంటాడు. అంత దూరం పోయిన మనిషి ఇప్పటిదాకా ఒక్కడే. ఆ ఒక్కడూ ప్రకాశమే.

ప్రకాశం తండ్రి చర్చి వెనక సమాధులకు వాక్యాలు చెక్కేవాడు. ప్రకాశం కూడా కొన్నాళ్ళు అదే పని చేసి ఒక సత్యం గ్రహించాడు. చనిపోయిన మనిషికి రాయి ఒక్కసారే కావాలి. వంతెన అలా కాదు, ఎన్నికలు దగ్గరపడిన ప్రతిసారీ దానికి కొత్త రాయి కావాలి. అందుకని అతడు శంకుస్థాపన రాళ్ళలోకి దిగాడు. ఎర్రవంక వంతెన, ముప్పై పడకల ఆసుపత్రి, డిగ్రీ కళాశాల, అన్నిటికీ రాళ్ళు అతడివే. వంతెనకైతే రెండున్నాయి. రెండూ వంక గట్టున పక్కపక్కనే నిలబడి ఉంటాయి, ఎనుములు వాటికి వీపు రుద్దుకుంటాయి.

ప్రకాశం ఇల్లు వంకకు అవతల, అంగడి ఇవతల. కాబట్టి అతడు రోజూ పొద్దున పంచె మోకాళ్ళ పైకెత్తి, చెప్పులు చేతబట్టుకొని, నీళ్ళలో నడిచి తన రాళ్ళ పక్కనుంచే అంగడికి వస్తాడు. వంక పొంగిన రోజు రాడు. దీనిలో వింత ఏదైనా ఉన్నట్టు అతడికి ఎన్నడూ తోచలేదు. అక్షరాలు ఎండకూ వానకూ చెదరలేదని మాత్రం రోజూ చూసి సంతోషిస్తాడు.

ఈ సుఖజీవనానికి నియోజకవర్గ నాయకులవారి సహాయకుడు పరమేష్ అడ్డం వచ్చాడు. వంతెనకు మూడో శంకుస్థాపన చేయాలని పైన నిర్ణయమైంది. పరమేష్ ప్రకాశం అంగడి రేకుల నీడలోనే నిలబడి, ప్రకాశం భార్య ఏసుమణి ఇచ్చిన మజ్జిగ తాగుతూ, రాళ్ళు చెక్కేవాళ్ళు ఎక్కడున్నారని ఫోనులో వెతికాడు.

“అన్నా, తప్పుగా అనుకోవద్దు,” అన్నాడు. “సారు కొత్త రూలు పెట్టినాడు. నెట్టులో మొదటి పేజీలో ఉండేటోళ్ళకే ఆర్డరు. పారదర్శకత అంటాండారు దాన్ని.”

“నేను నీ ముందరే ఉండా గదప్పా!”

“ముందర ఉంటే సరిపోదన్నా. పేజీలో ఉండల్ల.”

పాత పరిచయం కొద్దీ పరమేష్ ఒక నెల గడువిచ్చాడు. ప్రకాశానికి భయం పట్టుకుంది. ఆ ఏడాది అంగడికి వచ్చిన పెద్ద పని అదొక్కటే. “ఆ రాయి గూడా పోతే అంగడికి బీగమేసి బండల ఫ్యాక్టరీకి కూలికి పోవల్సిందే,” అని ఏసుమణి తేల్చిచెప్పింది. యాభై ఐదేళ్ళ వయసులో, అక్షరం చెక్కిన చేతులతో బండలు మోయడం తలుచుకుంటే అతడికి అన్నం దిగలేదు.

నంద్యాల నుంచి వసంతకుమార్ అనే వెబ్‌సైట్ల నిపుణుణ్ణి పిలిపించారు. అతడు చదివింది సివిల్ ఇంజనీరింగు, అందులోనూ వంతెనలు ప్రత్యేకంగా. మన ప్రాంతంలో వంతెనలు రాయి దగ్గరే ఆగిపోతున్నందున, దేశసేవకు వేరే దారి లేక ఈ విద్యలోకి వచ్చాడు. ప్రకాశం వెబ్‌సైటును అతడు పది నిమిషాలు పైకీ కిందికీ జరిపి చూశాడు.

ఆ వెబ్‌సైటును ప్రకాశం స్వయంగా దగ్గర కూర్చొని చెప్పి చేయించుకున్నాడు. తెరవగానే పైన పెద్ద అక్షరాలతో ‘గౌరవనీయులు’ అని ఉంటుంది. దాని కింద ప్రోటోకాల్ ప్రకారం, ఒకరికి కోపం వస్తే ఇంకొకరికి రాకుండా, నలభై రెండు పేర్లు. ఆ తరువాత ‘వారి అమృతహస్తములతో ఈ వెబ్‌సైటు ప్రారంభించబడినది’ అని, తేదీ. అట్టడుగున, చెక్కినవాడి పేరు వేసే చోట, చీమంత అక్షరాలతో అంగడి ఫోను నంబరు. ఆ నలభై ఇద్దరిలో ఒక్కరికీ ఈ ప్రారంభోత్సవం సంగతి తెలియదు.

“అన్నా, ఇది వెబ్‌సైటు కాదు, శంకుస్థాపన రాయి,” అన్నాడు వసంతకుమార్. “వెతికే మిషను దీన్ని చదివి ఏమనుకుంటాది? ఈడ పెద్దోళ్ళు శానామంది ఉండారు, పని మాత్రం యాడా లేదు అనుకుంటాది.”

“రాయి పద్ధతే అది గదప్పా,” అన్నాడు ప్రకాశం.

అప్పుడు నిపుణుడు గొంతు సవరించుకొని ఒక ఉపన్యాసం ఇచ్చాడు. ప్రజలు దేనికోసం వెతుకుతారో అదే మన దగ్గర ఉన్నట్టు చెప్పుకోవడమే ఈ శాస్త్ర రహస్యమట. ఈ చుట్టుపక్కల మండలాల్లో ‘శిలాఫలకం’ అని వెతికిన నరుడు లేడట. జనం వెతికేవి వేరే: ‘ఎర్రవంక వంతెన అయిందా’, ‘ఎర్రవంకపల్లె ఆసుపత్రి ఎప్పుడు తెరుస్తారు’, ‘దగ్గరలో డిగ్రీ కాలేజీ’. ప్రకాశం ముఖం వెలిగింది. జనం వెతుకుతున్నవన్నీ అతడు చేసినవే. కాకపోతే రాతి మీద.

వంతెనకొక పేజీ, ఆసుపత్రికొక పేజీ, కళాశాలకొక పేజీ తయారయ్యాయి. ఒక్కొక్క దానికీ రాయి ఫోటో పెట్టి, మ్యాపులో గుర్తు పెట్టారు. చిరునామా గడి ఖాళీగా వదిలితే ఫారం ముందుకు పోనన్నది. లేని వంతెనకు చిరునామా ఏమని రాస్తారు? అంగడి చిరునామా రాశారు. పనివేళలు కూడా అడిగింది. అందుచేత ఎర్రవంక వంతెన ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు వరకు తెరిచి ఉంటుంది. ఆదివారం ప్రకాశం చర్చికి పోతాడు గనుక వంతెనకు సెలవు.

పదకొండు రోజుల్లో ప్రకాశం మొదటి పేజీలోకి వచ్చాడు.

ఆ వెంటనే జనం రావడం మొదలైంది. సర్టిఫికెట్లు పట్టుకొని ముగ్గురు అమ్మాయిలు డిగ్రీలో చేరడానికి వచ్చారు. వంతెన మీదుగా పోదామని వచ్చిన ఉల్లిగడ్డల లారీ ఒకటి అంగడి ముందర ఆగి, వెనక్కి తిరగలేక పూటంతా నిలబడింది. ఉరుకుందు అనే ఆటో అతను, కాలు వాచి జ్వరంతో మూలుగుతున్న తల్లి హంపమ్మను ఫోను చెప్పిన దారినే తీసుకొచ్చి నేరుగా అంగడిలోకి మోసుకొచ్చాడు. డాక్టరు యాడ అని అడిగాడు. ఏసుమణి ఆమెను పాలిష్ చేసిన నల్లబండ మీద పడుకోబెట్టి, తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి, మజ్జిగ తాగించి, నంద్యాల పెద్దాసుపత్రికి పంపించింది. పంపించాక గడపలో కూర్చొని ఏడ్చింది. “ఇది పాపమయ్యా,” అంది మొగునితో. “నిజంగా ఉండాదని నమ్మి వస్తాండారు.”

హంపమ్మ బతికింది. ఉరుకుందు కృతజ్ఞత గలవాడు కాబట్టి ఆసుపత్రి పేజీలో అయిదుకు అయిదు చుక్కలిచ్చి ఇలా రాశాడు: ‘డాక్టరమ్మ శానా మంచిది. మజ్జిగ ఇచ్చింది. మంచం గట్టిగా ఉండాది.’ దాన్ని చూసి ఇంకొందరు ఇచ్చారు. మజ్జిగ అందరికీ నచ్చింది. కొద్దిరోజుల్లో ఆసుపత్రికి నాలుగు పాయింటు ఎనిమిది చుక్కలు, వంతెనకు నాలుగు పాయింటు ఆరు వచ్చాయి. వంతెనకు తగ్గిన చుక్కలు ఆదివారం సెలవు వల్ల తగ్గినవి.

ఈ చుక్కలు నాయకులవారి దృష్టికి వెళ్ళాయి. ఆయన ఒక ఎన్నికల సభలో ఫోను పైకెత్తి చూపించారు. “వంతెన ఎక్కడ, వంతెన ఎక్కడ అని ప్రతిపక్షం గగ్గోలు పెడుతున్నది. మొదటి పేజీలో ఉన్నది, కళ్ళుంటే చూసుకోండి! ఆసుపత్రి లేదంటారా? వైద్యం పొందిన అక్కచెల్లెళ్ళే చుక్కలిచ్చారు!” చప్పట్లు ఆగలేదు.

మరునాడు పరమేష్ ఆర్డరు తెచ్చాడు. అందులో చిన్న మార్పు ఉంది. మూడో శంకుస్థాపన అవసరం లేదు, ఈసారి ప్రారంభోత్సవం రాయి.

“వంతెన కట్టలేదు గదప్పా!” అన్నాడు ప్రకాశం.

“పనివేళలు గూడా మీరే రాసినారు గదన్నా,” అన్నాడు పరమేష్.

ప్రకాశం చెక్కడం మొదలుపెట్టాడు. ‘అమృతహస్త’ దాకా వచ్చేసరికి, వెతికే యంత్రం కంపెనీ వాళ్ళ దగ్గరనుంచి ఒక సందేశం వచ్చింది. పేజీలో చెప్పిన వంతెన, ఆసుపత్రి, కళాశాల ఆ చిరునామాలో లేనట్టు తేలిందనీ, లేనివి ఉన్నట్టు చూపి ప్రజలను తప్పుదారి పట్టించినందున పేజీలన్నీ తొలగించడమైనదనీ దాని సారాంశం. వసంతకుమార్ ఫోను ఆపేసుకున్నాడు. ప్రకాశం చూసుకుంటే మళ్ళీ నలభై ఏడో పేజీలో ఉన్నాడు.

అతడి చేతిలో సుత్తి ఆగిపోయింది. మొదటి పేజీ పోతే ఆర్డరు పోతుంది, ఆర్డరు పోతే అంగడి పోతుంది. దాచడం చేతగాని మనిషి కనుక తానే పరమేష్‌కు ఫోను చేసి సంగతంతా చెప్పాడు. పరమేష్ నాయకులవారికి చెప్పాడు. సాయంత్రానికి జవాబు వచ్చింది. విస్తృత ప్రజాప్రయోజనాల దృష్ట్యా మొదటి పేజీ నిబంధన సడలించడమైనది, రాయి పని యథావిధిగా సాగించవలెను.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. పాత రాళ్ళు రెండిటి మధ్య రిబ్బను కట్టి కత్తిరించారు. సభ వంకకు ఇవతలి గట్టున పెట్టారు. కనుక అవతలి ఊరంతా, పిల్లల్ని భుజాన ఎక్కించుకొని, తొడల లోతు నీళ్ళలో నడిచివచ్చి కూర్చున్నది. వంతెన పూర్తయిన సందర్భంగా అందరూ చప్పట్లు కొట్టి, లడ్డూలు తీసుకొని, అవి తడవకుండా తలమీద పెట్టుకొని వంకలో దిగి ఇండ్లకు పోయారు. రెండు నెలలకు జరిగిన ఎన్నికల్లో నాయకులవారు ఇంతకుముందుకంటే ఎక్కువ మెజారిటీతో గెలిచారు. ప్రమాణస్వీకారం కాకముందే ప్రకాశానికి ఇంకో మూడు రాళ్ళకు ఆర్డరు వచ్చింది. అంగడికి ఢోకా లేదు.

ఆ ఆర్డరు వచ్చిన రోజు ప్రకాశం తడిసిన పంచెను పిండి, అంగడి ముందరి రాయి మీద ఆరేస్తూ భార్యను అడిగాడు. “ఏసుమణీ, వంతెన లేదని ఆ మిషను నెల తిరక్కుండా కనుక్కుండాది. మనం పదేండ్లుగా దినామూ ఈ నీళ్ళలోనే నడుస్తాండామే, మనకేమయింది?”

ఏసుమణి మజ్జిగ చిలకడం ఆపలేదు.

“దానికి బుద్ధి ఉండాది, ఓటు లేదు,” అంది. “మనకు ఓటు ఉండాది.”