లడ్డూకు సర్వహక్కులు

సంపూర్ణకు భర్త మీద ఒకటే ఫిర్యాదు. బెంజమిన్‌కు తాగుడు లేదు, పేకాట లేదు, నలుగురిలో చెప్పుకుని ఏడవడానికి వీలైన అలవాటు ఒక్కటీ లేదు. గని నుంచి రిటైరయ్యాక ఫోన్‌లో ఉపన్యాసాలు వింటాడు. విని ఊరుకోడు, అదీ బాధ.

ఆ శనివారం ఆమె అనుకున్న పని చిన్నదే. సాయంత్రం నాలుగింటికి చర్చిలో స్త్రీల సభ. మూడువందల ఇప్పపువ్వు లడ్డూలు తెస్తానని మాట ఇచ్చింది. ఆమెను నమ్మి వాళ్లు ఇంకే ఏర్పాటూ చేయలేదు. పక్క క్వార్టర్ల జెస్సికా, భవాని ఎప్పటిలాగే వచ్చి చుడతారు. చర్ల నుంచి గంగక్క బస్సులో ఎండిన పువ్వు తెస్తుంది.

పళ్లు తోముకుంటూ బెంజమిన్ విన్న ఉపన్యాసం సారాంశం ఇది: దున్నితే పొలం నీదైనట్టే, బుర్రతో కనిపెట్టిందీ నీ ఆస్తే.

"సంపూర్ణా, లడ్డూ నీ ఆస్తి! నువ్వేమో కిటికీ బార్ల తెరిచి చేస్తున్నవ్."

"మూసుకుంటే పొగకు నేనే పోతనయ్యా."

ఆమె స్నానం చేసి వచ్చేసరికి కిటికీకి పాత పేపర్లు అంటించి, గేటుకు అట్ట కట్టాడు: "ఈ ఇంటి లడ్డూ తయారీ విధానం ఈ ఇంటి ఆస్తి. లోపలికి వచ్చువారు సంతకం చేయవలెను."

జెస్సికా గేటు దగ్గరే ఆగింది. "కండ్లు మూసుకొని చుట్టనా అన్నా?"

"సంతకం పెట్టి కండ్లు తెరువమ్మా."

"సంతకమంటే మా ఆయనను అడగాలె. ఆయన గనిల దిగిండు. నాలుగింటికి పైకొస్తడు." అని వెనక్కి తిరిగింది.

భవాని అట్ట రెండుసార్లు చదివింది. "నువ్వులు వేయించి కలపమన్నది నేనే కదా సారూ. గట్లయితే నువ్వులు నా ఆస్తి. ఇయ్యుండ్రి."

బెంజమిన్‌కు అది న్యాయంగానే తోచింది. డబ్బా తెచ్చి ఇచ్చాడు. కబురు వీధి చివరి దాకా పాకింది. యాలకుల ఆలోచన తనదంటూ చివరింటి శ్రావణి వచ్చి పొట్లం పట్టుకుపోయింది. పదింటికల్లా లడ్డూలో బెల్లం ఒక్కటే మిగిలింది. బెల్లాన్ని కనిపెట్టినవారు ఇంకా రాలేదు.

"ఇగ బెల్లంగడ్డలే పట్టుకపోత," అంది సంపూర్ణ. "అంతమంది ముందట నా ఇజ్జత్ ఏం గావాలయ్యా?"

అప్పుడే గంగక్క మూట దించింది. బెంజమిన్ కాగితం చాపాడు.

"నేనేంది సంతకం పెట్టేది? సంపూర్ణకు నేర్పిందే నేను."

"అయితే హక్కు నీదే అక్కా. అనుమతి నువ్వే ఇయ్యాలె."

"నాకు మా అత్త నేర్పింది. పోయి పదేండ్లాయె. పోయి అడిగొస్తవా?"

బెంజమిన్ పెన్ను మూత పెట్టాడు. గంగక్క మెట్టు మీద కూర్చుంది.

"సారూ, మా ఇప్పచెట్లు అడవిల ఉంటయ్. ఏ చెట్టు కింద పువ్వు ఏ ఇంటోళ్లు ఏరాలెనో ఊరందరికి ఎరికే. కాగితం లేదు, బోర్డు లేదు. నా చెట్టు కింద ఇంకొకలు గంప పెడితే నేనూరుకోను. వాళ్లేరితే నాకుండదు కదా! మరి లడ్డూ నేర్పితే నేను మర్చిపోయిన్నా? నా కాడ ఉన్నది, సంపూర్ణ కాడ ఉన్నది. పోయిందేంది?"

బెంజమిన్ ఫోన్ వైపు చూశాడు. ఉపన్యాసంలో ఈ ప్రశ్న వేసినవారెవరూ లేరు.

గంగక్క గేటుకున్న అట్ట విప్పి, దాంతోనే బొగ్గుల పొయ్యి విసరడం మొదలుపెట్టింది. "జల్దీ రండ్రే!" అని గోడ మీదుగా ఒక్క కేక వేసింది. నువ్వులు వచ్చాయి, యాలకులు వచ్చాయి, జెస్సికా మొగుణ్ని అడగకుండానే వచ్చింది. ఐదుగురు ఆడవాళ్లు చుట్టారు. బెంజమిన్ కూడా చుట్టాడు. అతనివి కోడిగుడ్ల ఆకారంలో వచ్చినా ఎవరూ వంక పెట్టలేదు.

సభలో కృతజ్ఞతల ప్రార్థన సంపూర్ణది. గంగక్కకు, తానెన్నడూ చూడని ఆమె అత్తకు, నువ్వులకు, యాలకులకు, ఎక్కడో రాలే పువ్వుకు పేరుపేరునా వందనాలు చెప్పింది. చివర్లో ఆమె కళ్లు చెమర్చాయి. గంగక్క తల వంచుకుని కొంగు సర్దుకుంది.

ఎలా చేయాలో చెప్పమని అందరూ చుట్టుముట్టారు. గంగక్క చెబుతుంటే వెనక వరుసకు వినబడలేదు. బెంజమిన్ కుర్చీ ఎక్కి, ప్రతి మాటా గట్టిగా అందించాడు. నువ్వుల దాకా వచ్చి ఆగి, భార్య వైపు తిరిగాడు.

"పొద్దున నాదే తప్పు సంపూర్ణా."

ఈ మాట మీద హక్కులేమీ లేవు, భర్తలెవరైనా వాడుకోవచ్చు.