వైకుంఠరావు ఆటవిడుపు

విజయనగరం తాలూకా ఆఫీసు గుమాస్తా వైకుంఠరావు సైకిలు మీద పూరీకి బయల్దేరి అది నాలుగో రోజు. ఎనిమిది రోజుల్లో చేరకపోతే మీసం తీయించుకుంటానని హెడ్డు గుమాస్తా చలపతిరావుతో పందెం కాశాడు. ఆ ఉదయం కాశీబుగ్గ సత్రంలో కళ్ళు తెరిచేసరికి మోకాళ్ళు తనవి కావేమో అనిపించింది. కూర్చునే చోటి సంగతి చెప్పుకోకపోవడమే మర్యాద. ఇవాళ సైకిలెక్కకూడదు, నెమ్మదిగా ఊరు చూసి, అన్నం తిని, ఒళ్ళెరగకుండా పడుకోవాలి అనుకున్నాడు. రేపటికి కాళ్ళు కుదుటపడకపోతే మీసం దక్కదు.

పక్క చాప మీద ఎవడో దుప్పటి ముసుగేసి గుర్రు పెడుతున్నాడు. పుణ్యాత్ముడు అనుకుంటూ వైకుంఠరావు లేచాడు. సత్రం కాపలా సన్యాసయ్య సైకిలు వైపు చూసి తల అడ్డంగా తిప్పాడు. "ఎవుడైనా అట్టుకుపోతే నాను పూచీ కాదు బాబూ. తోడట్టుకెల్లిపోండి."

జెండా, సంచులు, నీళ్ళ సీసా వేలాడుతున్న సైకిలును నడిపించుకుంటూ బజారుకు వెళ్ళాడు. అక్కడ కిరాణా వర్తకుడు బాబ్జీ రాత్రి నుంచీ దారి చూస్తున్నాడు. వారం రోజులు కాలు కింద పెట్టకుండా మైదానంలో సైకిలు తొక్కే మనిషిని అతను ఊరి వేడుకకు కుదుర్చుకున్నాడు. ఆ మనిషి ఇంకా కనిపించలేదు.

"సైకిలు తొక్కే బాబు మీరేనా?"

"నేనేనండీ." తన పేరు ఇంతదూరం పాకిందా అని వైకుంఠరావు మురిసిపోయాడు.

"ఎన్నాళ్ళు తొక్కుతారు?"

"మొత్తం ఎనిమిది రోజులు."

బాబ్జీ వెనక్కి తిరిగి కేకేశాడు. "ఒరే, మనం ఏడే అనుకున్నాం. ఈయన ఎనిమిదంటన్నారు! దండోరా ఏయించండి!"

మెడలో దండ పడింది. డప్పులతో మైదానానికి తీసుకెళ్ళి, ఒక్క సుట్టు తొక్కి సూపించండన్నారు. దండ పడ్డాక మోకాళ్ళ మాట ఎవరికి గుర్తుంటుంది? ఎక్కాడు. చుట్టు పూర్తిచేసి కాలు దింపబోయేసరికి జనం గొల్లుమన్నారు.

"దిగకండి బాబూ! ఎనిమిది రోజులూ సెక్రం ఆగకూడదు!"

అప్పటికి సంగతి అర్థమైంది. "నేను పూరీ వెళ్ళేవాణ్ణండీ! ఇవాళ నాకు రెస్టు!"

"అలాగే ఎల్దురు గాని," అన్నాడు బాబ్జీ. "తొమ్మిదో నాడు."

మంచినీళ్ళపేట నుంచి చేపల గంపతో వచ్చిన నూకాలమ్మ మరీ దగ్గరికొచ్చింది. "తెల్లారకముందనగా నడిసొచ్చాను నాయినా. నాయీ కాల్లే కదా. సూడకుండానే దిగిపోతావేటి?"

వైకుంఠరావుకు సిగ్గేసింది. తొక్కాడు. ఎండ నెత్తికెక్కింది. ఎవరో పక్కన పరిగెత్తుతూ కొబ్బరినీళ్ళు తాగించారు, ఇంకెవరో నోట్లో జీడిపప్పు కుక్కారు. నమలడానికి కూడా ఓపిక లేక ఏడుపొచ్చింది. ఆ ఏడుపు చూసి భక్తి అనుకుని ఇద్దరు ముసలమ్మలు దండం పెట్టారు.

పొద్దు వాలుతుండగా ఒక బక్క మనిషి ఆవలిస్తూ వచ్చి సైకిలు పక్కనే పరుగు అందుకున్నాడు. "నా పేరు ఎల్లాజీ బాబూ. ఈ పని నాదే. మొన్న టెక్కలిలో ఏడ్రోజులూ తొక్కి, ఆకర్న సైకిలు ఇరిగిపోనాది. రాత్రొచ్చి మీ పక్క సాప మీదే పడుకున్నాను. మీ దయ వల్ల పొద్దంతా నిద్దరోయాను." ఆ మాటంటూనే వెనక క్యారియరు మీదికి గెంతి, వైకుంఠరావును మెల్లగా పక్కకు జార్చి, సీటెక్కేశాడు.

జనం బాబ్జీ వైపు చూశారు. బాబ్జీ ఆలోచించి తీర్పు చెప్పాడు. "మనిషి మారితే మారాడు. సెక్రం ఆగలేదు కదా!"

జనం చప్పట్లు కొట్టారు. వైకుంఠరావు కుంటుకుంటూ వెంటపడ్డాడు. "మరి నా సైకిలండీ?"

"ఇంకో ఏడ్రోజులు ఆగండి బాబూ," అన్నాడు బాబ్జీ. "ఎనిమిదని మీరే కదా అన్నారు!"

కాళ్ళు ఇక మొరాయించాయి. గట్టు మీద ఖాళీ గంపతో కూర్చున్న నూకాలమ్మ పక్కన కూలబడ్డాడు.

"పోన్లే, రెస్టు దొరికింది కదా నాయినా," అందావిడ.

వైకుంఠరావు తన సైకిలు వంక రెండు చుట్లు చూశాడు. తర్వాత మీసం ఒకసారి తడుముకుని, ఈ ఊళ్ళో మంచి మంగలి ఎవరని అడిగాడు.