గుణశేఖర్ కెమెరాలో తెల్లటి మామిడాకులు

అధికారులు తోటలకు రాకపోవడమే రైతుకు మేలు! కోపం తెచ్చుకోకండి, సాక్ష్యం ఉంది. కార్వేటినగరంలో ఫోటో స్టూడియో పెట్టుకున్న గుణశేఖర్ శాస్త్రవేత్త అయ్యాడంటే ఆ పుణ్యం ఎవరిదనుకున్నారు?

వాళ్ల నాయన ధనంజయకు ఎనభై తోతాపురి చెట్లున్నాయి. పడమటి వరుసల్లో వేరుకుళ్లు మొదలైంది. ముప్పై ఏళ్లుగా ఆ చెట్ల మధ్యే బతికినవాడు కదా, ఆకు పట్టుకోగానే తెలిసిపోయింది. ఒక్కసారి వచ్చి చూసి మందు చెప్పమని ఉద్యానశాఖ ఆఫీసులో బతిమాలాడు. ఆఫీసరు గారు ఫోటో పంపమన్నారు. పంపితే, ఆకులు పచ్చగానే ఉన్నాయి, రోగమేమీ లేదు పొమ్మన్నారు. ఎంత సౌకర్యమండీ! జీపుకు డీజిలు ఆదా, బూట్లకు మట్టి అంటదు.

గుణశేఖర్‌కు పౌరుషం పొడుచుకొచ్చింది. మన కంటికి అందని పరారుణ కాంతిలో ఫోటో తీస్తే మంచి ఆకు తెల్లగా మెరుస్తుందనీ, జబ్బు ఆకు నల్లబడుతుందనీ ఎక్కడో చదివాడు. అలాంటి కెమెరా కొత్తది కొనాలంటే తోట అమ్ముకోవాలి. అందుకని, ఆ పరారుణ కాంతినే వదిలే టీవీ రిమోటు జేబులో వేసుకుని తిరుపతిలో పాత సామాన్ల అంగడికి పోయాడు. ఒక్కో కెమెరా ముందు రిమోటు నొక్కడం, తెరమీద చుక్క వెలిగిందా అని తొంగిచూడడం! అంగడాయన పాపం, ఇతనికేదో అయిందనుకుని కూర్చోబెట్టి నీళ్లిచ్చాడు. చుక్క బాగా వెలిగిన డొక్కు కెమెరా ఒకటి చివరికి దొరికింది.

ఇంటికొచ్చి స్క్రూలు విప్పాడు. ఫ్లాషులో మిగిలిన కరెంటు కొడితే ఎగిరిపడ్డాడు. అయినా వదల్లేదు. పరారుణ కాంతిని అడ్డుకునే చిన్న అద్దాన్ని లోపలినుంచి పీకేశాడు. మామూలు వెలుగు లోపలికి పోకుండా, పాత నెగటివ్ రీలు చివర నల్లటి ముక్కను లెన్సుకు అతికించాడు.

మోటారు షెడ్డెక్కి ఫోటో తీస్తే, పక్కనున్న కోదండం తోట పాలలో ముంచినట్టు తెల్లగా వచ్చింది. నాయన పడమటి వరుసలు మసిబారినట్టు నల్లగా వచ్చాయి. ధనంజయ కళ్లు తుడుచుకున్నాడు. ఇక ఎవరూ తనని అబద్ధాలకోరు అనలేరని ఆయన సంతోషం.

ఏ రంగుకు ఏది అర్థమో ఒక పేజీ రాసి మరీ ఫోటో పంపారు. మర్నాడే జీపొచ్చింది! తిన్నగా కోదండం తోటలోకి పోయింది. ఆకులన్నీ తెల్లబడ్డాయంటే బూడిద తెగులే అని తేల్చి, కోదండం మొత్తుకుంటున్నా వినకుండా కొమ్మలు కొట్టించి మందు చల్లించారు. ధనంజయ చెట్లు మంచి ముదురు రంగులో సంపూర్ణ ఆరోగ్యంగా ఉన్నాయని రాసుకున్నారు. ఎదురుగా కోదండం ఆకులు పచ్చగానే ఉన్నాయి కదా అంటారా? ఎదురుగా ఉన్నది రికార్డు ఎలా అవుతుందండీ!

ధనంజయ కుళ్లిన వేరొకటి తవ్వుకొచ్చి జీపుకు అడ్డం నిలబడ్డాడు.

"ఫోటో పక్కన పెట్టండి సార్. వేరు ఇట్ల కుళ్లిపోయుండాది. ఒక్కసారి కంటితో సూడండి."

ఆఫీసరు గారి మనసు కరిగింది. జీపు దిగి దగ్గరికి వచ్చారు. జేబులోంచి ఫోను తీశారు.

"కొంచెం ఎత్తి పట్టుకో" అన్నారు.

వెనక నిలబడ్డ గుణశేఖర్ జేబులో స్క్రూడ్రైవరు తడుముకున్నాడు. కెమెరాకైతే ఏ స్క్రూ విప్పాలో అతనికి తెలుసు.