ఇంటివైపు తిరిగితే కిర్రు

లాభం కనపడనిదే తుమ్ము కూడా తుమ్మరు కాబట్టి ఆ స్టీలు సామాన్ల కొట్టాయన్ని వీధంతా తూకంగారు అనేది.

ఆయన పాత కారు ముందు భాగంలో కిర్రుకిర్రుమని ఒక చప్పుడు. చక్రం దగ్గర చిన్న రబ్బరు ఎండిపోయింది, మార్చేస్తే సరి అని మెకానిక్ ఎప్పుడో చెప్పాడు. తూకంగారు మార్చనివ్వలేదు. ఆయన లెక్కలో ఆ చప్పుడు ఆస్తి.

ఎందుకంటే భార్యకు సముద్రం చూడాలని ఉంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ అడుగుతోంది. నిద్రలో కూడా అలలు వింటున్నట్టు నవ్వుకునేది. సముద్రమంటే రోజంతా కొట్టు మూత.

"నాకు మాత్రం చూడాలని లేదటే? ఆ చప్పుడుతో పెద్ద రోడ్డెక్కితే చక్రం ఊడి మనకంటే ముందే చేరుకుంటుంది" అనేవారాయన.

ఒకరోజు పొద్దున్నే, వీధి ఇంకా మంచులో తేలుతుండగా, ఆవిడ పెద్ద సంచీతో కారు దగ్గరికి వచ్చింది.

"ఆ చప్పుడెక్కడిదో ఇవాళ తేల్చేద్దాం పదండి."

"సంచీ ఎందుకూ?"

"అది దొరికేలోపు ఆకలేస్తే?"

తూకంగారు లోలోపల మురిసిపోయారు. వీధి మలుపు దాటకుండానే కారు తన తరఫున సాక్ష్యం చెప్తుంది. బానెట్ మీద రెండు చేతులూ వేసి ఊపారు. చప్పుడు లేదు. స్టీరింగ్ ఆ చివరకూ ఈ చివరకూ తిప్పారు. లేదు. మోకాళ్ళ మీద కూర్చుని చక్రానికి చెవి ఆనించారు.

"ఏమంటోందండీ?"

"నోరు విప్పడం లేదు."

"మీ పోలికే. అవసరానికి విప్పదు."

"కదిలితే వస్తుంది. ఎక్కు."

వీధి చివర రాలేదు. స్పీడ్ బ్రేకర్ మీద రాలేదు. ఆయనకు చెమట పట్టింది. ఇక లాభం లేదని కారు వెనక్కి తిప్పబోయారు. కిర్రు.

"విన్నావా" అన్నారు, పోయిన సరుకు దొరికినంత సంబరంగా.

"విన్నానండీ. ఇంటివైపు తిప్పితేనే వస్తోంది. చక్రం ఊడుతుందన్నారుగా, తిన్నగా పోనివ్వండి."

తర్వాతి కూడలిలో మళ్ళీ తిప్పబోయారు. మళ్ళీ కిర్రు. మెకానిక్ షెడ్డు వైపు తిప్పినా కిర్రే. తాను ఇన్నాళ్ళూ అమ్మిన భయాన్ని ఇప్పుడు తానే కొనక తప్పలేదు.

పోనుపోను మంచు విడిపోయింది. కారు నీటి మీద పడవలా చప్పుడు లేకుండా సాగింది. పక్కన ఆవిడ ఏదో కూనిరాగం తీస్తోంది. జేబులో కొట్టు తాళం ఉన్న సంగతి ఆయన ఎక్కడో దారిలోనే మరిచిపోయారు. కళ్ళు తెరిచే కలగంటున్నట్టుంది.

రోడ్డు అయిపోయింది. ఎదురుగా నీలం.

ఆవిడ రబ్బరు చెప్పులు విడిచి దిగింది. ఆవిడ వైపు తలుపు వెయ్యబోతూ, అడ్డంగా ఉందని ఆయన ఒక చెప్పును పక్కకు జరిపారు. అది తలుపు ప్లాస్టిక్‌కు రాసుకుని, కిర్రుమంది.

తూకంగారు దాని వంకా, భార్య వంకా చూశారు.

"చక్రం దగ్గరి రబ్బరు మొన్ననే మార్పించానండీ. మెకానిక్ పాపం, ఎప్పుడో చెప్పానమ్మా అన్నాడు."

ఆయన తల వంచుకుని బూట్లు విప్పుకున్నారు. ఆవిడ చెయ్యి పట్టుకుని అలల్లోకి తీసుకుపోయింది.

పొద్దు వాలాక ఆవిడ అంది, "ఇక వెళ్దామా? రేపు కొట్టు తియ్యాలిగా."

తూకంగారు చెప్పు అందుకుని తలుపుకేసి గట్టిగా రాశారు.

"విన్నావుగా. ఇంటివైపు ప్రమాదం. రేపు చూద్దాం."