తోడల్లుడి ఖాతాలో రెండు పాయింట్లు

ఆదివారం పొద్దున్నే స్టోర్‌కీపర్ అద్దం ముందు నిలబడి, ఇవాళ ఎలాగైనా భార్య చేత చప్పట్లు కొట్టించుకోవాలని తీర్మానించుకున్నాడు. పెళ్లయిన నాటి నుంచీ ఆమెది ఒకటే జపం. మా బావగారు అలా నడుస్తారు, మా బావగారు ఇలా నవ్వుతారు. ఆ బావగారు, అంటే ఇతని తోడల్లుడు, అదే కంపెనీలో సేల్స్ మేనేజరు. సాయంత్రం ఆఫీసు బాస్కెట్‌బాల్ పోటీలో సేల్స్ జట్టు కెప్టెనూ ఆయనే. స్టోర్స్ జట్టులోకి మనవాణ్ణి మనుషులు చాలక చేర్చుకున్నారు.

ఆట అంతర్జాతీయ నిబంధనల ప్రకారమే అన్నారు కాబట్టి రూల్సన్నీ బట్టీ పట్టాడు. పట్టి ఏం లాభం, కళ్లు ఆట మీద ఉంటే గదా. తోడల్లుడు బంతి వేసినప్పుడల్లా గ్యాలరీలో చప్పట్లు కొడుతున్న భార్యనే చూస్తూ, అవతలి బుట్ట కింద మూడు సెకన్లు దాటినా కదలకుండా నిలబడ్డాడు. రిఫరీ ఈల వేశాడు. ఆ అక్కసుతో వెళ్లి తోడల్లుణ్ణి గుద్దాడు. అలా నాలుగు ఫౌళ్లయ్యాయి. అయిదోదైతే ఇంటికే అని జట్టువాళ్లు బెంచీ మీద కూలేశారు.

విరామంలో భార్య చల్లటి నీళ్లు పట్టుకుని మొగుణ్ణి దాటుకుంటూ బావగారి దగ్గరికి వెళ్లింది. మనవాడికి ఒళ్లు మండిపోయింది. సగం ఆటయ్యాక జట్లు బుట్టలు మార్చుకుంటాయన్న రూలు ఆ మంటలోనే కాలిపోయింది.

చివరి నిమిషంలో ఒకడి కాలు బెణికి, గత్యంతరం లేక మళ్లీ ఇతణ్ణి దింపారు. స్టోర్స్ ఒక్క పాయింటు ముందుంది. బంతి చేతికి దొరకగానే పరుగందుకున్నాడు. సేల్స్ వాళ్లు పక్కకు తప్పుకుని దారిచ్చారు. జడిశారనుకున్నాడు. వెనక నుంచి సొంత జట్టు అరుస్తోంది. మెచ్చుకుంటున్నారనుకున్నాడు. ఎగిరి వేశాడు, బంతి చక్కగా బుట్టలో పడింది. భార్య లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టింది. జన్మ ధన్యమైంది.

స్కోరరు మాత్రం ఆ రెండు పాయింట్లనూ తోడల్లుడి పేరున రాశాడు. పొరపాటున సొంత బుట్టలో వేస్తే అవి అవతలి కెప్టెనుకే చెందుతాయని రిఫరీ చెప్పాడు. ఓడినా ఓర్చుకునేవాడే గానీ, ఆ చప్పట్లు కూడా ఆయనకేనంటే ఎలా ఓర్చుకుంటాడు? అప్పుడు గుర్తొచ్చింది, కావాలని వేస్తే ఆ పాయింట్లు చెల్లవన్న రూలు.

"అయ్యా, పొరపాటు కాదండీ. కావాలనే వేశాను."

"మీ బుట్టలో మీరేనా?" రిఫరీ ఎగాదిగా చూశాడు.

"తెలివిలో ఉండే వేశానండీ."

పాయింట్లు కొట్టేశారు. మిగిలిన క్షణాల్లో ఎవరూ ఏమీ వేయలేదు. స్టోర్స్ గెలిచింది. గెలిపించినవాణ్ణి మాత్రం సొంత జట్టు దొంగను చూసినట్టు చూసింది. తోడల్లుడు వచ్చి గట్టిగా వాటేసుకున్నాడు.

"తమ్ముడూ, నన్ను గెలిపించడానికి నీ జట్టునే ముంచబోయావా? నేనంటే ఇంత ప్రేమని ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

భార్య కళ్లొత్తుకుంది. మా ఆయన మనసు వెన్నని, బావగారంటే ఆయనకు ప్రాణమని గ్యాలరీ అంతా తిరిగి చెప్పింది. పెళ్లయ్యాక ఆమె మొగుణ్ణి మెచ్చుకోవడం అదే మొదలు. మనవాడు మింగలేక, కక్కలేక నిలబడ్డాడు.

అంత ప్రేమ ఉన్నవాణ్ణి విడదీయడం పాపమని, సోమవారం అతణ్ణి సేల్స్‌కు మార్చి తోడల్లుడి ఎదురు బల్ల ఇచ్చారు.